మహారాజశ్రీ బ్యాంకు వారి స్వాధీన ప్రకటన గారి సముఖానికి

హనుమకొండ నుంచి తమరి హామీదారు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా జిల్లా పేజీలో, ఎవరో నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలకూ మొలల వైద్యానికీ మధ్య ఇరుక్కుని క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

నన్ను గుర్తుపట్టడానికి కష్టపడనక్కర్లేదు. ఇంటి నంబరు, మా నాన్న పేరు, గజాలు, పైసలతో సహా బాకీ, అన్నీ తమరి దగ్గరే ఉన్నాయి. అంతకుముందు నా పేరు పేపర్లో ఎన్నడూ పడలేదు. పదో తరగతి పాసైనప్పుడు కూడా హాల్‌టికెట్ నంబరే పడింది. అది నాదేనని చుట్టాలను నమ్మించడానికి వారం పట్టింది. తమరు వెలువడిన రోజు మాత్రం ఎవరినీ నమ్మించాల్సిన పని పడలేదు.

అప్పు నాది కాదు. మా బావమరిదికి ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి ఉంది. బ్యాంకులో సీసీ లోను, అంటే వ్యాపారానికి తిప్పుకునే అప్పు, పెంచుకోవాలి, ఏదైనా ఆస్తి చూపించాలి అన్నాడు. "ఊర్లో నీ మూడెకరాలు పెట్టరాదురా" అంటే, బ్యాంకు వాళ్లే వద్దన్నారట. ఎందుకు వద్దన్నారో అప్పుడు అర్థం కాలేదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కోర్టు గడప తొక్కకుండానే ఇల్లు వేలం వేయడానికి బ్యాంకుకు అధికారం ఇస్తుంది గానీ, వ్యవసాయ భూమి జోలికి పోనివ్వదు. 31వ సెక్షన్లోనే ఆ మాట ఉంది. పొలం బ్యాంకుకు మింగుడు పడదు, 160 గజాల ఇల్లయితే కరకరా నమలొచ్చు. "సంతకమే కదా బావా" అన్నాడు మావాడు. సంతకమే పెట్టాను.

2025లో మా వరంగల్ చపాటా మిర్చికి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ ఏడు తిరగకముందే మా బావమరిదికి ఎన్‌పీఏ (మొండి బాకీ) గుర్తింపు వచ్చింది. ధర పెరిగేదాకా ఆగుదామని కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టి కూర్చున్నాడు. ధర కూడా వీడు అమ్మేదాకా ఆగుదామని అక్కడే కూర్చుంది. ఈలోగా బాకీ కట్టకుండా బ్యాంకు లెక్కలో 90 రోజులు దాటాయి.

అక్కడి నుంచి తమరి వంశం మొదలవుతుంది. తమరి పెద్దన్న పేరు డిమాండ్ నోటీసు, ఊరు 13(2) సెక్షన్. 60 రోజుల్లో మొత్తం కట్టమంటాడు. పాపం రిజిస్టర్డ్ పోస్టులో మా ఇంటికి బయల్దేరాడు. అవి మేడారం జాతర రోజులు. వరంగల్లో ఆ వారం దొంగ కూడా ఇంట్లో ఉండడు. మేము అమ్మవార్ల గద్దెల దగ్గర నా ఎత్తు బెల్లం తూకం వేయించి "బంగారం" సమర్పించుకుంటుంటే, ఇక్కడ పోస్ట్‌మన్ కవరు మీద "తలుపు తాళం" అని రాసి వెనక్కి పంపాడు. అసలు బంగారం వంతు తర్వాత వచ్చింది, చెబుతాను.

కవరు తిరిగిపోతే ఏం చేయాలో కూడా రూలు ఉంది: గోడకు అంటించాలి, రెండు పేపర్లలో వేయాలి. అంటించారట. మా గేటుకు వారానికి నాలుగు కాగితాలు అంటుకుంటాయి. ట్యూషన్లు చెప్పబడును, వాటర్ ఫిల్టర్లు రిపేరు చేయబడును, ఇంటి నుంచే నెలకు పాతిక వేలు సంపాదించండి. మా ఆవిడ వాటితో పాటు పెద్దన్నగారిని కూడా నీళ్లు చల్లి గీకేసింది. పెద్దన్న మీద 15 రోజుల్లో బ్యాంకు జవాబు ఇచ్చి తీరాల్సిన అభ్యంతరం ఒకటి నేను రాసుకోవచ్చని తర్వాత తెలిసింది. గేటు శుభ్రంగా ఉంది కాబట్టి రాయలేదు.

ఇక పేపర్లు. రెండు ప్రముఖ దినపత్రికలు, అందులో ఒకటి స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో తగినంత సర్క్యులేషన్ ఉన్నది అయి ఉండాలని నిబంధన. ఇంగ్లిష్ పేపరు మా గల్లీలో ఒక్క ఇంటికే వస్తుంది. ఆ అబ్బాయి గ్రూప్స్‌కు చదువుతున్నాడు, ఎడిటోరియల్ కత్తిరించుకుని మిగతాది కిటికీలు తుడవడానికి ఇస్తాడు. తెలుగులో తమరు ఎంచుకున్నది నేను వేయించుకోని పేపరు. "తగినంత" అనే మాటకు అర్థం అప్పుడే తెలిసింది. నేను తప్ప అందరూ.

అన్నదమ్ముల్లో తమరు రెండోవారు. పెద్దన్న గడువు తీరాక బ్యాంకు మా ఇంటిని స్వాధీనం చేసుకున్న ఏడు రోజుల్లోపు అచ్చులో దిగారు. స్వాధీనం అంటే మమ్మల్ని బయట పెట్టి తాళం వేయలేదు. ఇద్దరు వచ్చారు, కాగితం అంటించారు, దాని పక్కన నిలబడి ఫోన్లో ఫొటో తీసుకున్నారు, మజ్జిగ తాగి వెళ్లిపోయారు. దీన్ని సింబాలిక్ పొజెషన్ అంటారని లాయరు చెప్పాడు. ఇల్లు బ్యాంకుది, నిద్ర మాది. మా ఆవిడ చాలాసేపు ఆలోచించి ఒక్కటే అడిగింది: "అయితే ఈ నెల కరెంటు బిల్లు వాళ్లు కడతారా?"

తమరి భాష గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పాపం మూటగట్టుకుంటుంది. "రుణగ్రహీతను ప్రత్యేకముగాను, ప్రజలను సాధారణముగాను ఇందుమూలముగా హెచ్చరించడమేమనగా..." ఈ ఊళ్లో నలభై ఏళ్లుగా ఉంటున్నాను, నన్ను ప్రత్యేకంగా చూసింది తమరొక్కరే. దిగువ సంతకందారు అంటారు, దిగువన చూస్తే సంతకం ఉండదు. మా వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు 1163లో శాసనం చెక్కించాడు. అదీ సంస్కృతంలోనే, దారిన పోయే రైతుకు అదీ అర్థమై ఉండదు. కానీ ఉలి కూలి రైతు ఖాతాలో రాశాడని మాత్రం ఎవరూ అనలేదు.

ఖాతా అంటే గుర్తొచ్చింది. నా పేరు అచ్చు వేసినందుకు అయిన ఖర్చు ఎవరిదనుకున్నారు? 13(7) చూడండి: వసూలు కోసం బ్యాంకు పెట్టిన సక్రమమైన ఖర్చులన్నీ అప్పు తీసుకున్నవారి మీదే పడతాయి. స్టేట్‌మెంట్ తీయించాను. వడ్డీ, మీద వడ్డీ, వాల్యుయేషన్ ఫీజు, కింద "పేపర్ పబ్లికేషన్". చదరపు సెంటీమీటరుకు ఇంత అని రెండు పేపర్లకూ. పెళ్లిలో బ్యాండు వాళ్లకు డబ్బులిచ్చేది పెళ్లికొడుకు వాళ్లే కదా అని సరిపెట్టుకుందామనుకున్నాను. కానీ అక్కడ కనీసం ముందు ఏ పాట వాయించాలో అడుగుతారు.

పాత రోజుల్లో ఇలాంటి పనికి డప్పు ఉండేది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇప్పటికీ ఉంది, 21వ ఆర్డరు 54వ రూలు: జప్తు ఉత్తర్వును ఆ ఆస్తి దగ్గరే డప్పు కొట్టి గానీ, ఆ ఊరి అలవాటు ప్రకారం గానీ చాటాలని. డప్పులో ఒక మర్యాద ఉంది. నా ఇంటి ముందుకు వచ్చి కొడితే ముందు వినేది నేను. చాటింపు వేసేవాడు నా ముఖం చూడాలి, నేను వాడి ముఖం చూడాలి. తమరు మాత్రం పొద్దున ఐదింటికి కాజీపేటలో బస్సు దిగి, అదాలత్ సెంటర్ చాయ్ కొట్టుకూ పోచమ్మమైదాన్ కటింగ్ షాపుకూ వెళ్లి, మా ఇంటికి మాత్రం రారు.

తమరు నిజంగా ఎవరి కొంప ముంచారో తెలుసా? మా తూర్పు ఇంటి మాస్టారిది. రిటైర్డ్ హెడ్‌మాస్టర్. జన్మలో ఒక్క కిస్తీ ఎగ్గొట్టలేదు. తమరు కింద షెడ్యూలులో హద్దులు వేశారు: తూర్పు, ఫలానా గారి ఇల్లు, పడమర, 20 అడుగుల రోడ్డు. మా రోడ్డు ఏనాడో పద్నాలుగడుగులకు దిగింది, మెట్లు ఒకరివి, తులసికోట ఒకరిది. కాగితంలోనైనా వెడల్పుగా ఉంది, సంతోషం. కానీ మాస్టారి పేరు! వేలం నోటీసుల్లో జనం పేర్లు చదువుతారు గానీ హద్దులని ఎవరు చూస్తారు? ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. పదింటికల్లా బెంగళూరు నుంచి కొడుకు ఫోను: "నాన్నా, ఇల్లు తాకట్టు పెట్టావా, నాకు చెప్పొద్దా?" మధ్యాహ్నానికి కరీంనగర్ నుంచి వియ్యంకుడు. సాయంత్రం మాస్టారు తమరిని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని మా గేటు దగ్గరికి వచ్చారు. "నీ పేరు పడ్డందుకు బాధ లేదురా, నాది ఎందుకు వేయించినవ్?" అన్నారు. నేను వేయించలేదు సార్ అంటే నమ్మలేదు. డబ్బులు కట్టింది నేనేనని తెలిస్తే ఇంకేమనేవారో.

లాయరు దగ్గరికి పోయాను. "మన అదాలత్‌లో దీనికి దారి లేదు, సివిల్ కోర్టులు ఇందులో తలదూర్చకూడదు. 45 రోజుల్లో హైదరాబాద్ డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కి, పోవాలి" అన్నాడు. వాయిదాకోసారి కాజీపేటలో రైలెక్కడం, లాయరు ఫీజు. బావమరిది కోసం ఒక ఇల్లు చాలదా, రెండోది కూడా అమ్మాలా అనుకుని ఆగిపోయాను. రెండోది లేదు కూడా.

ఇక తమరి తమ్ముడు, అమ్మకపు ప్రకటన. ఆయన తీరే వేరు. ఎక్కడ ఉన్నది అక్కడే, ఏమి ఉన్నది అదే, ఎట్లా ఉన్నది అట్లే ప్రాతిపదికన అమ్మబడును అన్నాడు. మా ఇంటి గురించి ఇంత వేదాంతం మా పురోహితుడు కూడా గృహప్రవేశం రోజు చెప్పలేదు. ఆయన వచ్చిన రోజు నేను ఊర్లో ఉన్నాను, మా వాటా ఇరవై గుంటలు అమ్మి రిజిస్ట్రేషన్ చేయిస్తున్నాను. మూడో రోజు ఆ డబ్బూ, మా ఆవిడ మెడలో నుంచి తీసి అమ్మిన డబ్బూ సంచిలో వేసుకుని బ్యాంకుకు పోయాను. ఆఫీసరు నా వైపు జాలిగా చూశాడు. "పేపర్లో పడ్డ రోజే మీ హక్కు అయిపోయింది కదండీ" అన్నాడు.

జోకు కాదు. 2016లో చట్టం మార్చారు: మొత్తం బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు, అమ్మకపు ప్రకటన వెలువడేంత వరకే. వేలం రోజు వరకు కాదు. 2023లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. మరి ప్రకటనకూ వేలానికీ మధ్య 30 రోజులు ఎందుకు అంటే, కొనేవాళ్లు ఇల్లు చూసుకోవడానికి. వాళ్లకు నెల రోజులు, నాకు ఆ పొద్దు పేపరు బాయ్ సైకిల్ బెల్లు. పేపర్ చదవడం అలవాటు అనుకునేవాణ్ని. అది ఆస్తి హక్కు అని, అదీ తమరు వేయించుకున్న పేపరే చదవాలని, అరవై ఏళ్లకు తెలిసింది.

వేలం ఆన్‌లైన్‌లో. పది శాతం ముందు కట్టిన వాళ్లే పాడాలి. నెల రోజులు మా గల్లీలోకి కార్లు వచ్చాయి. దిగేవాళ్లు, మా ఆవిడ వాకిట్లో బియ్యం చెరుగుతుంటే ఆమెను చూడకుండా ఇంటిని చూసేవాళ్లు. ఒకాయన దిక్సూచి తెచ్చాడు, పడమటి ముఖం అని పెదవి విరిచాడు. ఒకాయన లోపలికొచ్చి కుళాయి తిప్పి చూశాడు. చివరికి పాట రోజున ఎవరూ పాడలేదు. ఇల్లు మిగిలినందుకు నవ్వాలో, ముప్పై ఏళ్లు చెమటోడ్చి కట్టుకున్న ఇంటిని ఆ ధరకు కూడా ఎవరూ కొననందుకు ఏడవాలో తెలియక, ఆ పూట ఇద్దరం అన్నం తినలేదు. మాస్టారు మాత్రం పులిహోర పంపారు.

పాట పాడేవాడు లేకపోయేసరికి బ్యాంకు మళ్లీ మాటలకు దిగింది. వన్ టైమ్ సెటిల్‌మెంట్ అన్నారు, సంచి తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. వ్యక్తిగత రుణాలకైతే, పూర్తిగా కట్టాక 30 రోజుల్లో దస్తావేజులు ఇవ్వకపోతే రోజుకు 5,000 చొప్పున బ్యాంకే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023లో చెప్పింది. మాది వ్యాపారం అప్పు, అయినా మా దస్తావేజులు 29వ రోజు సాయంత్రం వచ్చాయి.

అప్పుడు అడిగాను, "ఈ ఇంటి బాకీ తీరింది అని పేపర్లో ఎప్పుడు వేస్తారు?" ఆఫీసరు అర్థం కానట్టు చూశాడు. అలాంటి ఫారం ఏదీ లేదన్నాడు. డిమాండుకు ఫారం ఉంది, స్వాధీనానికి ఫారం ఉంది, అమ్మకానికి ఫారం ఉంది. తీరిన బాకీకి లేదు. తమరి వంశంలో నాలుగోవాడు పుట్టనేలేదు.

సరే, నేనే వేయించుకుంటానని పేపరు యాడ్స్ ఆఫీసుకు పోయాను. కౌంటర్లో అమ్మాయి మంచిది. "ఏ కాలమ్‌లో వేయాలి సార్? శ్రద్ధాంజలి ఉంది, పేరు మార్పు ఉంది, కనబడుటలేదు ఉంది" అంది. బావమరిది ఫోన్ ఎత్తక రెండు నెలలైంది కాబట్టి కనబడుటలేదు కూడా ఆలోచించాను. చివరికి చిన్న సైజులో నాలుగు లైన్లు రాసుకున్నాం: ఫలానా ఇంటి నంబరు, బాకీ పూర్తిగా తీరినది, ప్రజలు ఇందుమూలముగా గమనించగలరు. తమరి భాషే అబ్బింది, క్షమించాలి. ఎంతవుతుందమ్మా అంటే, ఆ అమ్మాయి స్కేలు తీసింది.

చిత్తుప్రతి మాస్టారికి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. పెన్ను తీసుకుని "తీరినది" దగ్గర దీర్ఘం సరిచేయబోయి, సరిగ్గానే ఉందని ఆగిపోయారు. కాగితం వెనక్కి తిప్పి అటువైపు కూడా చూశారు.

"బాగనే ఉంది" అన్నారు. "హద్దులు మాత్రం వేయకు."

ఇట్లు,
తమరు ప్రత్యేకముగా హెచ్చరించిన
పడమటింటి హామీదారు