పావురానిది కాదు, పెట్టెది తప్పు

బోరు బండ్లు మళ్లీ దిగాయి. చండూరు, మర్రిగూడ, కల్వకుర్తి, అచ్చంపేట... రాత్రిపూట ఏ తొవ్వన పోయినా అదే మోత, అదే దుబ్బ. దాంతోపాటే ఆఫీసు కుర్చీల్లోంచి పాత పాట కూడా మొదలైంది: రైతుకు ఆశ ఎక్కువ, బోరు వేయడం జూదంలా అలవాటైంది, మనిషి నైజమే అంత. ఈమధ్య ఈ మాటకు సైన్సు పేరు కూడా తగిలిస్తున్నారు. సరే, ఆ సైన్సు ఏం చెబుతుందో చూద్దాం.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలను పెట్టెలో పెట్టి పరీక్షించాడు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడే పక్షి, గింజలు ఆగిపోతే తొందరగానే మానుకుంటుంది. ఒకసారి మూడు పొడుపులకు, ఇంకోసారి ముప్పైకి పడితే మాత్రం ఓ పట్టాన మానదు. గింజ రాకున్నా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. మన గ్రానైటు నేలది అచ్చం ఇదే లెక్క. నీళ్లుండేది పైనున్న మెత్తటి పొరలో, దాని కింద రాతి పగుళ్లలో. పగులు తగిలితే రెండించుల నీళ్లు. పది గజాల అవతల వట్టి దుబ్బ.

1948లో స్కిన్నర్ ఇంకో సంగతి రాశాడు. పక్షి ఏం చేసినా చేయకున్నా 15 సెకన్లకోసారి గింజలు అందించాడు. 8 పావురాల్లో 6 ఏదో ఒక తంతు పట్టుకున్నాయి. ఒకటి అప్రదక్షిణంగా తిరిగేది, ఇంకోటి మూలకు తల పొడిచేది. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డ చోట బోరు పాయింట్ పెట్టించే రైతును చూసి నవ్వే ఆఫీసు సార్లు, వాస్తు చూసి తమ కుర్చీ తూర్పుకు తిప్పించుకున్న సంగతి గుర్తుంచుకోవాలి.

పరిణామ శాస్త్రం సంగతీ అంతే. మనిషి జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు. సేద్యం వచ్చి పది పన్నెండు వేల ఏళ్లే. అంతకుముందు గడ్డలు తవ్వుకుని, వేటాడి బతికాం. ఇక్కడ దొరకలేదని చతికిలపడ్డవాడి వంశం మిగల్లేదు. ఇంకోచోట తవ్విచూసినవాడి వారసులం మనం. ఆ నైజం రైతుకే కాదు, కలెక్టరుకూ ఉంది. ఆనాడు తవ్వితే పోయేది చెమట. ఈనాడు పోయేది మిత్తికి తెచ్చిన సొమ్ము.

రైతు కూడా ఆగి ఆలోచించాలన్నది నిజమే. భూగర్భ జలం అందరిదీ. కానీ నైజం అందరికీ ఒకటే అయినప్పుడు పెట్టె ఎవరు కట్టారన్నదే అసలు ప్రశ్న. నీళ్లు పడ్డా పడకున్నా బండివాడికి ఫీటు లెక్కన కట్టాల్సిందే, లోతు పెరిగేకొద్దీ ఫీటు రేటూ పెరుగుతుంది. బోరుకు అనుమతి, బండికి రిజిస్ట్రేషన్ ఉండాలని నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం చెబుతోంది. ఎవరు అడుగుతున్నారు? 2015లో పునాదిరాయి వేసిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల ఇంకా పూర్తికాలేదు. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి 8 మందిని మింగింది. కాలువ రాని పెట్టెలో బోరు అనే మీట ఒక్కటే మిగిల్చి, పొడిచినందుకు పావురాన్ని తిడుతున్నారు. ఏ సైన్సు చెప్పింది ఇలా?

జూదమే అంటారా? అయితే జూదం నడిపేవాణ్ని ముందు పట్టుకోండి. ఈ ఎండాకాలం అనుమతి లేని బండ్లు ఎన్నింటిని ఆపారో ప్రతి తహసీల్దారు ఆఫీసు గోడ మీద రాసిపెట్టండి. అది చేతకాకపోతే రైతు నైజం గురించి మాట్లాడకండి.