గట్టు మీది రోడ్డుకు టోలు లెక్క కుదరదు

రాష్ట్ర రహదారుల నిర్వహణను ఏజెన్సీలకు అప్పగించి, టోలు వసూలు చేసుకోనిద్దామని 2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శాసనసభలో ప్రతిపాదించారు. మొదటి ప్రయోగం ఉభయ గోదావరి జిల్లాల్లోనే అన్నారు. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకు మినహాయింపు ఉంటుందని కూడా చెప్పారు. గుంతల్లో పడి లేస్తూ ఆస్పత్రులకు, కాలేజీలకు వెళ్తున్న జనం రోడ్డు బాగుచేస్తామంటే వద్దనరు. కానీ డెల్టాలో రోడ్డు ఎందుకు పాడవుతోందో తేల్చకుండా, దాన్ని ఎవరు బాగుచేయాలన్న చర్చకు దిగితే డబ్బంతా మళ్లీ తారుకే పోతుంది. రోడ్డును తినేస్తున్నది నీళ్లు.

రావులపాలెం నుంచి కొత్తపేట, ముక్కామల మీదుగా అమలాపురం వెళ్లే దారి చూడండి. చాలా దూరం కాలువ మన పక్కనే వస్తుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారులూ అయ్యాయి. లాకులు కట్టింది పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించడానికే. ధాన్యం, కొబ్బరి, పెళ్లివారు, అందరూ నీటి మీదే వెళ్లారు. బస్సులు, లారీలు వచ్చాక పడవలు పోయాయి. వాటికి తాడు కట్టి లాక్కెళ్లిన గట్లు రోడ్లయ్యాయి. కాలువకు కావాల్సింది వాలు, ప్రయాణికుడికి కావాల్సింది దగ్గర దారి. గట్టు మీద పడిన రోడ్డు కాలువ మాటే విని, అది తిరిగిన ప్రతి వంపూ తిరిగింది. ఊళ్లు కూడా ఆ గట్టు వెంటే పెరిగాయి. వెడల్పు చేయాలంటే ఒక పక్క కాలువ, రెండో పక్క ఇళ్లు, కొబ్బరి తోటలు. రాజానగరం నుంచి సామర్లకోట వైపు వెళ్లే ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) రోడ్డు మెట్ట నేల మీద ఉంది. అక్కడ పనికొచ్చిన అంచనాలు, డిజైన్లు కోనసీమకు తెచ్చి అతికిస్తే నిలవవు.

వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసినప్పుడు గట్లు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. నెలల తరబడి నానిన మట్టికి ఎదురుగా ఉన్న నీటి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గిపోతుంది. గట్టు కాలువలోకి జారుతుంది, రోడ్డు అంచున పొడవాటి బీటలు పడతాయి. వాటిని తారుతో పూడ్చి వదిలేస్తారు. మొదటి వర్షానికి నీళ్లు ఆ బీటల్లోంచే లోపలికి దిగుతాయి. అంచుకు మట్టి జారకుండా ఆపే అడ్డుగోడ, అంటే రిటైనింగ్ వాల్, లేకుండా పైన ఎన్ని పొరలు వేసినా అది రోడ్డుకు బరువే తప్ప బలం కాదు.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు సమస్య ఇంకో రకం. ఆక్వా చెరువులు రోడ్డు మార్జిన్‌ దాకా వచ్చేశాయి. చెరువు నీళ్లు ఏడాదంతా రోడ్డు అడుగు మట్టిని తడుపుతూనే ఉంటాయి. దానికి తోడు మేత లారీలు, చేపల లారీలు, ఐసు నీళ్లు. ఆ రైతులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఈ ప్రాంతం బతుకుతున్నదే ఆ చెరువుల మీద. అయితే రోడ్డుకు ఎంత దూరంలో చెరువు తవ్వాలన్న నిబంధన కాగితం దాటి గట్టు మీదకు రావాలి.

ఇక అధికారుల సంగతి. తారు రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) చేతిలో ఉంది, కాలువ గట్టు ఇరిగేషన్‌ వాళ్లది, మురుగు కాలువ డ్రైనేజీ విభాగానిది, ఊళ్లో సైడు కాలువ పంచాయతీది. డ్రెయిన్లో గుర్రపుడెక్క పేరుకుని నీళ్లు రోడ్డు మీదకు ఎక్కితే అడగాల్సింది ఎవరిని? రేపు ఏజెన్సీ వచ్చినా ఇదే గతి. గట్టు జారింది, మాది కాదు అంటుంది. ఆ మాట అబద్ధం కూడా కాదు.

పని చేయాల్సిన కాలం కూడా చాలా తక్కువ. గట్టు, తూము పనులకు కాలువలకు నీళ్లు ఆపేసిన ఆ కొద్ది వారాలే దిక్కు. అప్పుడే దాళ్వా (రెండో పంట) ధాన్యం రోడ్డెక్కుతుంది. టెండర్లు ఆలస్యమైతే జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేస్తారు, వర్షాలు మొదలవుతాయి, మిగిలేది పైపూతే.

ఇప్పుడు టోలు లెక్క. టోలుకు ప్రాణం దూరప్రయాణపు వాహనాలు. జాతీయ రహదారి పాత దారిలో తణుకు, రావులపాలెం మీదుగా వెళ్లేది. గుండుగొలను–దేవరపల్లి–కొవ్వూరు నాలుగు వరుసల రోడ్డు వచ్చాక దూరం వెళ్లేవాళ్లకు డెల్టాలోకి దిగాల్సిన పని తగ్గింది. లోపలి రాష్ట్ర రహదారుల మీద తిరిగేది ఎక్కువగా మన బైకులు, ఆటోలు, ట్రాక్టర్లే. వాటికి మినహాయింపు ఇస్తే ఏజెన్సీకి మిగిలేది ఎంత? చాలకపోతే మినహాయింపులైనా ఎత్తేయాలి, లోటైనా ఖజానా భరించాలి. లారీ మీద వేసిన టోలు లారీ యజమాని జేబులోంచి రాదు. ధాన్యం, కొబ్బరి, రొయ్య ధరలో కిరాయి కింద కోత పడుతుంది, ఆ భారం రైతు మీదకే వస్తుంది.

అందుకని ప్రయోగం చేయాలనుకుంటే టోలు లేకుండా చేయండి. గట్టు, రిటైనింగ్ వాల్, తూములు, డ్రెయిన్లు, తారు అన్నీ ఒకే కాంట్రాక్టులో పెట్టి, పదేళ్లు రోడ్డు నిలిస్తేనే ఏటా ఇంత అని ప్రభుత్వమే చెల్లించాలి. ఇరిగేషన్, ఆర్ అండ్ బీ ఇంజినీర్లు ఇద్దరూ సంతకం పెట్టిన అంచనాకే అనుమతి ఇవ్వాలి.

వంతెనల విషయం కూడా ఇందులోదే. యానాం–ఎదుర్లంక వంతెన, దానికి లోక్‌సభ మాజీ స్పీకర్ బాలయోగి గారి పేరు, వచ్చాక అమలాపురానికి కాకినాడ ఎంత దగ్గరైందో అందరం చూశాం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు రామచంద్రపురాన్ని కోనసీమలో కలిపారు. అక్కడివాళ్లు అమలాపురంలోని కలెక్టరేటుకు రావాలంటే కోటిపల్లిలో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరంలో దిగాలి, లేదంటే ఎదుర్లంక మీదుగానో రావులపాలెం మీదుగానో చుట్టు తిరగాలి. వరద వస్తే పంటు ఆగిపోతుంది. నరసాపురం–సఖినేటిపల్లి రేవుదీ అదే కథ, గోదావరి పాయ వశిష్ఠ మీద వంతెన కోసం అక్కడి జనం ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఈ రెండు రేవుల్లో వంతెనలు పడితే చుట్టు తిరిగే బండ్లు తగ్గి, గట్టు రోడ్ల మీద బరువూ తగ్గుతుంది. టోలు గేటు ఎక్కడ పెట్టాలన్న చర్చ కన్నా ముందు ఈ రెండు వంతెనలకు డబ్బు ఎప్పుడు ఇస్తారో, పని ఎప్పటికి పూర్తి చేస్తారో తేదీలతో సహా ప్రభుత్వం చెప్పాలి.