కార్డు ఆస్పత్రి గడప దాకానే

ఒడిశాలో ఇప్పుడు ఆయుష్మాన్ కార్డు మీద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం ఉచితం. ఇంట్లోని మహిళలకు మరో 5 లక్షలు. రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లోని పేద తెలుగు కుటుంబాలకు అది కొండంత అండ, కాదనం. కానీ ఆ అండ పిల్లాడు ఆస్పత్రి మంచం మీద ఉన్నంతసేపే. డిశ్చార్జి అయ్యాక 15 రోజుల మందులతో సరి. గొంతుకు ట్యూబు, ముక్కుకు ఆక్సిజన్, పొట్టకు పాలగొట్టంతో ఇంటికొచ్చిన పిల్లల సంగతి పదహారో రోజు నుంచి ఎవరికీ పట్టదు.

నెలలు నిండక పుట్టి ఊపిరితిత్తులు బలపడని పసికందులు, మెదడువాపు తర్వాత మింగలేకపోతున్న పిల్లలు, కండరాల జబ్బుతో రాత్రిళ్లు బైపాప్ (మాస్కు ద్వారా గాలి నెట్టే మిషన్) లేనిదే ఊపిరాడనివాళ్లు ఒకప్పుడు చాలావరకు దక్కేవాళ్లు కాదు. ఇప్పుడు బరంపురంలోనో విశాఖలోనో ఐసీయూలు వాళ్లను బతికించి ఇంటికి పంపుతున్నాయి. అక్కణ్నుంచి భారమంతా తల్లిదే.

ఊపిరి కోసం గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబు వేసిన పిల్ల ఏడిస్తే చాలాసార్లు శబ్దమే రాదు. గాలి స్వరపేటిక దాకా వెళ్లకుండా ట్యూబులోంచే బయటికి పోతుంది మరి. అందుకని పక్కగదిలో పని చేసుకుంటూ ఓ చెవి ఇటు వేసి ఉంచడం కుదరదు, కంటితో కనిపెట్టుకుని ఉండాల్సిందే. కఫం గురగురలాడగానే సక్షన్ మిషన్ ఆన్ చేసి, సన్నటి గొట్టం దించి, పది సెకన్లలో లాగేసి బయటికి తీయాలి. ఇంకాస్త ఆలస్యమైతే పిల్లకు ఊపిరి అందదు. ట్యూబే మూసుకుపోతే అప్పటికప్పుడు తీసి కొత్తది వేయాలి. అందుకే అదే సైజుది ఒకటి, ఒక సైజు చిన్నది ఇంకొకటి మంచం పక్కనే ఉండాలి. 108 వచ్చేదాకా ఆగే వ్యవహారం కాదు. ఇదే పనికి ఆస్పత్రిలో నర్సులు షిఫ్టులు మారతారు. ఇంట్లో ఆ తల్లిని పడుకోమని చెప్పేవాళ్లెవరు?

ఆపైన కరెంటు టెన్షన్. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి నిమిషానికి ఐదు లీటర్ల దాకా ఇచ్చే కాన్సంట్రేటర్ మిషన్ సుమారు 350 వాట్లు లాగుతుంది. రోజంతా నడిస్తే నెలకు 250 యూనిట్లు. రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇల్లు ఒక్కసారిగా పై స్లాబులోకి ఎక్కుతుంది. బిల్లు ఎలాగోలా కట్టినా, కరెంటు పోతే? 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే ఈ తీరం మీద పడ్డాయి. తిత్లీ తర్వాత గజపతి జిల్లాలో ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. బ్రిటన్‌లో కరెంటు పోయినప్పుడు ముందుగా సాయం అందేలా ఇలాంటి ఇళ్ల పేర్లు కరెంటు కంపెనీల దగ్గర ప్రత్యేక జాబితాలో ఉంటాయి, కాన్సంట్రేటర్‌కు అయిన కరెంటు ఖర్చు కూడా తిరిగిస్తారు. అంత డబ్బు మన దగ్గర లేదంటే సరే, జాబితాకు ఏం ఖర్చవుతుంది?

ఈ చిక్కు మనకే వచ్చింది కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కేటీ బెకెట్ అనే పాప మెదడువాపుతో వెంటిలేటర్ మీదికి చేరింది. ఇంటికి తీసుకెళ్లొచ్చని డాక్టర్లు చెప్పినా, ఆస్పత్రిలో ఉంటేనే ప్రభుత్వ బీమా డబ్బు కట్టేది. ఇంట్లో అయితే ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ రూల్ ఒప్పుకోదు. 1981లో అధ్యక్షుడు రీగన్ ఈ సంగతి బయట ప్రస్తావించాక ఆమెను ఇంటికి పంపారు, మరుసటి ఏడాది చట్టమే మార్చారు. రీగన్ సంక్షేమానికి ఖజానా తలుపులు తెరిచే మనిషేమీ కాదు, ఆయన్ను కదిలించింది జాలి కన్నా లెక్కే అనుకుంటాం. కేటీ 34 ఏళ్లు బతికింది.

ఇక్కడ ఆ లెక్క వేసేవాళ్లు లేరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో జబ్బు కనిపెట్టి పెద్దాస్పత్రికి పంపుతుంది. పసిపిల్లల కోసం ఆశా ఇంటికొచ్చే పథకం 15 నెలలతో ముగుస్తుంది. విశాఖలో చూపించుకుని వస్తే డిశ్చార్జి కాగితం ఇంగ్లిష్‌లో, నర్సమ్మ నేర్పిన జాగ్రత్తలు తెలుగులో, ఊళ్లో ఆశా దగ్గరి రిజిస్టరు ఒడియాలో. వైద్యం పక్క రాష్ట్రంలో జరిగింది కాబట్టి ఇక్కడి జిల్లా ఆస్పత్రికి ఆ పిల్ల ఉన్నట్టే తెలియదు. పింఛను అడుగుదామంటే వైకల్యం శాతం కావాలి. 2016 నాటి చట్టంలోని 21 వైకల్యాల్లో ఊపిరికి ట్యూబు మీద ఆధారపడటం అన్నది లేదు. పర్లాకిమిడి దాటితే పాతపట్నం. అక్కడ పూర్తిగా మంచాన పడ్డ వికలాంగులకు ఆంధ్ర ప్రభుత్వం నెలకు 15 వేలు ఇస్తోంది. ఇటువైపు తల్లులకు ఈ సంగతి తెలియకపోదు.

2021లో కోవిడ్ రెండో వేవ్‌లో పీఎం కేర్స్ కింద లక్ష కాన్సంట్రేటర్లు కొనాలని కేంద్రం నిర్ణయించింది. ఈ జిల్లాలకు వచ్చినవాటిలో ఎన్ని నడుస్తున్నాయో చూసి, బాగు చేయించి, అవసరమున్న ఇళ్లకు అరువివ్వాలి. సక్షన్ గొట్టాలు, విడి ట్యూబులు జిల్లా ఆస్పత్రి ఫార్మసీలోనే దొరకాలి. ప్రతి బ్లాకులో ఒక నర్సుకైనా ట్యూబు మార్చడం నేర్పి, వారానికో పూట ఆ ఇంటికి పంపితే తల్లి కాసేపు కన్ను మూస్తుంది. బీమాను ఇంటిదాకా తేవడం భువనేశ్వర్, ఢిల్లీ తేల్చాల్సిన విషయం, దానికి సమయం పడుతుంది. ఆక్సిజన్ మీద ఉన్న పిల్లల ఇళ్ల జాబితా రాసి కరెంటు ఆఫీసుకు పంపడానికి మాత్రం కలెక్టరు సంతకం చాలు. ఆ సంతకం ఈ తుపాన్ల కాలం లోపే పడాలని కోరుతున్నాం.