ముక్కు ఎర్రగా ఉంటే పిట్‌బుల్ అయిపోదు

ముమ్మిడివరం చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో పది రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. 'పిట్‌బుల్ జాతి కుక్కని చూడగానే గుర్తుపట్టొచ్చు. వెడల్పు తల, ఎర్ర ముక్కు, పొట్టి చెవులు, ఒంటి మీద పులిచారలు. ప్రభుత్వం నిషేధించింది, కనిపిస్తే తరిమేయండి' అని. అది నమ్మే కొందరు మా రొయ్యల చెరువు కాపలా కుక్క ఎర్రోడిని కర్రలతో కొట్టారు. వాడు ఆ గట్టు మీదే పుట్టిన ఊరకుక్క. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ముక్కు సంగతి. నల్ల రంగును పుట్టనివ్వని ఒక జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే, ఏ కుక్క ముక్కయినా ఎర్రమట్టి రంగులోనే ఉంటుంది. చాక్లెట్ రంగు లాబ్రడార్ ముక్కు చూడండి. అసలు పిట్‌బుల్స్‌లో నల్ల ముక్కువి బోలెడు.

ఇక పొట్టి చెవులు. అవి పుట్టుకతో వచ్చినవి కావు, మనిషి కోసినవి. పులిచారలు బాక్సర్‌కీ, గ్రేట్ డేన్‌కీ ఉంటాయి.

అందరూ పొరబడేది తల దగ్గరే, ఎందుకంటే పిట్‌బుల్‌ని పోలిన జాతులు ఇంకా ఉన్నాయి. బుల్ టెరియర్‌ని మాత్రం చూసి చెప్పేయొచ్చు, దాని మొహం గుడ్డులా నుదుటి నుంచి ముక్కు దాకా వంపుగా దిగుతుంది. స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ పొట్టిది, భుజం దగ్గర 14 నుంచి 16 అంగుళాలు. అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెరియర్ అనే వేరే జాతి 17 నుంచి 19. చిక్కంతా దీనికీ పిట్‌బుల్‌కీ మధ్యే, ఎందుకంటే రెండిటి మూలం ఒక్కటే. అమెరికాలో కుక్కల జాతులను నమోదు చేసే సంస్థలు రెండున్నాయి. 1898లో మొదలైన యునైటెడ్ కెన్నెల్ క్లబ్ పిట్‌బుల్ అని రాసుకున్న రకాన్నే 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ స్టాఫర్డ్‌షైర్ టెరియర్ పేరుతో చేర్చుకుంది. ఒకే కుక్కకి రెండు చోట్లా రెండు పేర్లు ఉండొచ్చు. కాగితాలు లేకుండా వాటిని విడదీయడం పెంచేవాళ్లకే కష్టం.

అమెరికాలోని ఫ్లోరిడాలో, దిక్కులేని కుక్కలను ఉంచే షెల్టర్లలోని 120 కుక్కల మీద చేసిన పరిశోధన 2015లో వచ్చింది. పశువైద్యులతో సహా అక్కడి సిబ్బందిలో కనీసం ఒకరైనా పిట్‌బుల్ రకమన్నవి 62. డీఎన్ఏ పరీక్షలో ఆ 120లో పిట్‌బుల్ రకమని తేలినవి 25. రోజూ కుక్కల మధ్య ఉండేవాళ్లకే ఇంత తేడా వస్తే, ఫోన్లో నాలుగు ఫొటోలు చూసి మనం ఎలా తేలుస్తాం?

చివరిగా నిషేధం. 2024 మార్చిలో పిట్‌బుల్‌తో సహా 23 జాతుల గురించి కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసిన మాట నిజం. ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ లేఖలో కూడా అమ్మకాలు ఆపమనీ, ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమనీ ఉంది తప్ప, తరిమి కొట్టమని లేదు.

ఎర్రోడి వెనక కాలు ఇంకా వాచే ఉంది. ఆ మెసేజ్ మీ గ్రూపులో ఉంటే దయచేసి తీసేయండి.