ఐరిష్ ఇంటిపేరు, చాక్టా తల్లి: ఈ రికార్డులు ఎవరి కోసం రాశారు?

"మా ముత్తాత ఐర్లండ్ నుంచి వచ్చాడు, ముత్తవ్వ చాక్టా." అమెరికాలో ఓక్లహోమా, మిసిసిపి, టెక్సాస్ వైపు చాలా ఇళ్లలో తరతరాలుగా చెప్పుకునే మాట ఇది. చాక్టాలు అమెరికా మూలవాసుల్లో ఒక జాతి. దీన్ని కాగితాల మీద నిరూపిద్దామని కూర్చున్నవాళ్లకు ఒక విచిత్రం ఎదురవుతుంది. చర్చి రిజిస్టర్లు, పన్ను పుస్తకాలు, జనాభా లెక్కలు అన్నీ ఉన్న దేశం నుంచి వచ్చిన ముత్తాత జాడ దొరకదు. ఉన్న ఊరి నుంచి ప్రభుత్వమే వెళ్లగొట్టిన జాతికి చెందిన ముత్తవ్వ గురించి మాత్రం వయసు, తల్లిదండ్రుల పేర్లు, కౌంటీ, ఆఖరికి ఒంట్లో చాక్టా రక్తం ఎన్నో వంతు అన్నదాకా ఒక కార్డు మీద రాసి ఉంటుంది.

ఆ కార్డు చూసి చాలామంది మురిసిపోతారు. అంత వివరంగా రాసింది ఆమె మీద గౌరవంతో కాదు, ఆమె జాతి ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పంచడానికి. ఐర్లండ్‌లో మిగిలిన పుస్తకాల్లోనూ ఎక్కువ భాగం పన్ను కోసం రాసినవే. ఏ రికార్డైనా చేతికి రాగానే అందులో ఏముందని చూస్తాం. ఎందుకు రాశారన్నది ముందు అడగకపోతే ఈ వెతుకులాట తప్పుదారి పడుతుందని నా అభిప్రాయం.

చాక్టాలు, ఐరిష్‌వాళ్లు అనగానే అందరికీ గుర్తొచ్చేది 1847 విరాళం. ఐర్లండ్ కరువులో అల్లాడుతున్నప్పుడు, ఆ ఏడాది మార్చి 23న చాక్టాలు ఇండియన్ టెరిటరీలోని (ఇప్పటి ఓక్లహోమా) స్కల్లీవిల్‌లో సభ పెట్టి 170 డాలర్లు పోగు చేశారు. 710 అని కొన్నిచోట్ల కనిపించేది అంకెలు తారుమారైన లెక్క. దానికి కృతజ్ఞతగా కౌంటీ కార్క్‌లోని మిడిల్టన్‌లో తొమ్మిది ఉక్కు ఈకల స్మారకం వెలిసింది. 2018లో అప్పటి ఐరిష్ ప్రధాని లియో వరద్కర్ ఓక్లహోమా వెళ్లి చాక్టా విద్యార్థులకు స్కాలర్‌షిప్ ప్రకటించాడు. కథ గొప్పదే. కానీ దానికీ మీ ముత్తవ్వ పెళ్లికీ ఏ సంబంధమూ లేదు. ఇప్పటి చాక్టా–ఐరిష్ కుటుంబాల్లో చాలావాటి మూలాలు ఆ కరువుకన్నా ముందువి. డాలస్‌లో ఉండే తెలుగువాళ్లలో కొందరికి చాక్టా అంటే రెడ్ రివర్ దాటగానే డ్యూరంట్‌లో కనిపించే కసీనో బోర్డే గుర్తొస్తుంది. ఆ బోర్డు వెనకున్న చాక్టా నేషన్‌లో ఇప్పుడు 2 లక్షలకు పైగా సభ్యులున్నారు.

18వ శతాబ్దంలో, ఇప్పటి మిసిసిపి ప్రాంతంలో, తోళ్ల వ్యాపారానికి వచ్చిన ఇంగ్లిష్, స్కాట్, ఐరిష్, ఫ్రెంచ్ మగవాళ్లు చాక్టా ఆడవాళ్లను పెళ్లాడారు. చాక్టాల్లో వంశం తల్లి వైపు నుంచి నడిచేది. బిడ్డ తల్లి వంశానికే చెందుతుంది, పెంపకంలో తండ్రికన్నా మేనమామ మాటకే బరువెక్కువ. అంచేత ఐరిష్ వ్యాపారికీ చాక్టా తల్లికీ పుట్టిన బిడ్డ వాళ్ల దృష్టిలో పూర్తిగా చాక్టానే, సగం కాదు. ఈ సగాలూ పావులూ తర్వాత ప్రభుత్వ గుమాస్తాలు తెచ్చిన లెక్కలు.

అక్కడే మొదటి చిక్కు. అమెరికా అధికారులు రాసిన జాబితాల్లో ఇంటి పెద్ద మగవాడు, ఇంటిపేరు తండ్రిది. వెతికేవాళ్లు కూడా ఆ ఐరిష్ ఇంటిపేరు పట్టుకునే బయల్దేరతారు. చాక్టా వంశం మాత్రం తల్లి దగ్గరుంది. ఆమె పేరు చాలా రికార్డుల్లో "మేరీ", "సాలీ" లాంటి ఒక్క ముక్కగానే మిగిలింది. ఇంటిపేరు వెంట పోయేకొద్దీ ముత్తవ్వకు దూరమవుతారు. ఆమె అన్నదమ్ములెవరు, అక్కచెల్లెళ్లు ఎవరి ఇంటికి వెళ్లారు, పక్క ఇళ్లలో ఎవరున్నారు అని చూస్తే దారి దొరికే అవకాశం ఎక్కువ.

1830 సెప్టెంబర్ 27న డాన్సింగ్ రాబిట్ క్రీక్ ఒప్పందం జరిగింది. చాక్టాలు మిసిసిపిలోని భూమి వదిలి పడమటికి పోవాలి. వెళ్లకుండా ఉండిపోదలచినవాళ్లకు 14వ అధికరణం ఒక దారి చూపింది: ఒప్పందం ఆమోదం పొందాక 6 నెలల్లోగా ఏజెంటు దగ్గర పేరు నమోదు చేయించుకుంటే కుటుంబ పెద్దకు 640 ఎకరాలు, పిల్లలకు వయసునుబట్టి అందులో సగం లేదా పావు. ఏజెంటు పేరు విలియం వార్డ్. వచ్చినవాళ్లను తిప్పి పంపాడు, కొందరి పేర్లు రాసుకున్న కాగితాలే కనిపించకుండా పోయాయి. చివరికి అతని జాబితాలో తేలినవి 69 కుటుంబాలు. ఉండిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. తర్వాత 1830లు, 40లలో వచ్చిన కమిషన్ల ముందు జనం వరుసగా వాంగ్మూలాలిచ్చారు. వంశం వెతికేవాళ్లకు వార్డ్ జాబితాకన్నా ఆ వాంగ్మూలాలే విలువైనవి.

వార్డ్ చేసిన అన్యాయం 70 ఏళ్ల తర్వాత మళ్లీ కాటేసింది. 1893లో ఏర్పడిన డాస్ కమిషన్ భూమి పంపకం కోసం ఇండియన్ టెరిటరీలో చాక్టాలతో సహా అయిదు మూలవాసి జాతుల సభ్యుల జాబితాలు తయారు చేసింది. మొదట్లో చెప్పిన కార్డు దీనిదే. పని ఊపందుకున్నది ఆ పంపకాన్ని తప్పనిసరి చేసిన 1898 కర్టిస్ చట్టం తర్వాత, జాబితాలు మూసింది 1907 మార్చి 4న. మిసిసిపిలో మిగిలిన చాక్టాలకు కూడా దరఖాస్తు చేసుకునే వీలుంది. పూర్తి రక్తం ఉన్నవాళ్లయితే 14వ అధికరణం కింద హక్కు పొందిన పూర్వీకులున్నట్టే లెక్కగట్టాలని 1902 చట్టం చెప్పింది. మిశ్రమ కుటుంబాలకు ఆ సడలింపు లేదు. మా తాత 1831లో వార్డ్ దగ్గరకు వెళ్లాడని వాళ్లు రుజువు చూపాలి. రుజువు ఉండాల్సింది వార్డ్ పుస్తకంలో, అతనేమో రాయలేదు. తండ్రి ఐరిష్ కావడం వల్ల రుజువు భారం పడ్డ కుటుంబాలు ఇలా ఎన్నో వెనక్కి వెళ్లాయి.

ఆ తిరస్కరణ ఫైళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వంశం వెతికేవాళ్లు ఎక్కువగా పట్టించుకోని గని ఇది. పేరు డాస్ తుది జాబితాలో (ఫైనల్ రోల్) లేదనగానే "అయితే అబద్ధమన్నమాట" అని వదిలేస్తారు. కానీ తమను నిరూపించుకోవాల్సి వచ్చినవాళ్లే ఎక్కువ మాట్లాడతారు. తాత పేరు, ఆయన చాక్టా పేరు, ఏ వాగు ఒడ్డున ఇల్లుండేది, ఎవరితో కలిసి పడమటికి బయల్దేరి ఎవరు వెనక్కి వచ్చారు, ఇదంతా ఆ ప్రశ్నోత్తరాల్లో దొరుకుతుంది. అన్నీ నిజాలని కాదు. భూమి వస్తుందంటే లేని చుట్టరికం కలుపుకునేవాళ్లు అప్పుడూ కొల్లలుగా ఉన్నారు. అయిదు జాతులకూ కలిపి 2.5 లక్షల మందికి పైగా దరఖాస్తు చేస్తే చేరింది దాదాపు 1 లక్ష మంది. ఫైలు తిరస్కరించారంటే కమిషన్‌కు ఆ రుజువు చాలలేదని మాత్రమే అర్థం.

చేరినవాళ్ల విషయానికొస్తే, డాస్ కార్డు మీద "రక్తం" అని ఒక గడి ఉంటుంది. 1/2, 1/4, 1/8, ఫుల్. ఇప్పటి వంశవృక్షాల్లో ఈ అంకెను శాసనంలా రాసుకుంటున్నారు. నిజానికి అది డేరాలో బల్ల ముందు నిలబడ్డ మనిషి చెప్పిన మాట, గుమాస్తా కళ్లకు తోచిన అంచనా కలిసి పుట్టిన అంకె. సొంత అన్నదమ్ములకు వేర్వేరు కార్డుల మీద వేర్వేరు భిన్నాలున్న సందర్భాలున్నాయి. 1900 జనాభా లెక్కల్లో ఇండియన్ల కోసం వేసిన ప్రత్యేక ఫారంలో తెల్ల రక్తం ఎంత అని అడిగారు. దాన్నీ డాస్ కార్డునూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఈ భిన్నాల మీద నమ్మకం సడలుతుంది.

ఈ అంకెకు డబ్బు విలువ కూడా వచ్చింది. 1908 మే 27 నాటి చట్టం ప్రకారం సగంకన్నా తక్కువ రక్తం ఉన్నవాళ్లు తమ భూమి మొత్తాన్ని అమ్ముకోవచ్చు. ముప్పావు, అంతకన్నా ఎక్కువ ఉంటే అమ్మడానికి వీల్లేదు. అంటే ఐరిష్ తండ్రి ఉన్న కుటుంబాల భూమికి ముందుగా కాపలా ఎత్తేశారు, దళారులు అక్కడ వాలారు. ఆ రోజుల నాటి భూమి అమ్మకాల దస్తావేజులు, సంరక్షకుల కేసులు కౌంటీ కోర్టుల్లో గుట్టలుగా ఉన్నాయి. ఒక కుటుంబం ఏ ఏడాది ఎందుకు చెల్లాచెదురైందో అవి చెప్పినంతగా కార్డు చెప్పదు.

మరి ఐరిష్ తండ్రి ఆ కార్డు మీద ఎలా కనిపిస్తాడు? చాలాసార్లు "నాన్ సిటిజన్" అన్న రెండు ముక్కలుగా. ఏ దేశం, ఏ ఊరు అన్న ఊసే ఉండదు, చాక్టా నేషన్‌కు అక్కర్లేదు కాబట్టి. చాక్టా చట్టం ప్రకారం లైసెన్సు తీసుకుని పెళ్లి చేసుకుని, నమోదు నాటికి బతికి ఉంటే మాత్రం "ఇంటర్‌మ్యారీడ్" వర్గంలో సొంత పేరుతో కనిపిస్తాడు. అప్పుడు అతని దరఖాస్తు ఫైలులో పెళ్లి వివరాలు, సాక్షుల మాటలు దొరుకుతాయి. 1872లో రైలు మార్గం వచ్చాక, మెకలెస్టర్, క్రెబ్స్ బొగ్గు గనుల్లోకి వలస కూలీలు దిగాక బయటివాళ్లు బాగా పెరిగారు. వాళ్లు పని చేయాలంటే చాక్టా ప్రభుత్వం నుంచి పర్మిట్ తీసుకోవాలి. ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీలో చాక్టా ప్రభుత్వ పత్రాలున్నాయి. ఐరిష్ ముత్తాత కోసం న్యూయార్క్ ఓడల జాబితాలు తిరగేసే ముందు వాటిని చూడటం మంచిది.

అట్లాంటిక్ దాటాక పరిస్థితి ఇంకా కష్టం. 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు అంతర్యుద్ధంలో తగలబడింది. 1821 నుంచి 1851 వరకూ నాలుగు జనగణనలు కొన్ని ముక్కలు తప్ప పోయాయి. అన్నీ మంటల్లోనే పోయాయనుకోవడం తప్పు. 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే ధ్వంసం చేసింది. 1881, 1891 లెక్కలు మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కరువుకు గుజ్జయిపోయాయి. పూర్తిగా మిగిలిన మొదటి జనగణన 1901ది. అందరి జనన మరణాల నమోదు 1864లో గానీ మొదలుకాలేదు. దానికి ముందు గతి క్యాథలిక్ చర్చి రిజిస్టర్లు, 1847–64 మధ్య జరిగిన గ్రిఫిత్ వాల్యుయేషన్. ఈ రెండోది మన అడంగల్ లాంటిది: ఎవరి చేతిలో ఎంత భూమి, ఎవరికి కౌలు కడుతున్నారు. కౌలుదారు పేరుంటుంది తప్ప భార్యాపిల్లల పేర్లుండవు.

ఆ క్యాథలిక్ రిజిస్టర్లను ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ 2015లో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. కాలిపోయినవాటికి ప్రతులెక్కడ మిగిలాయో వెతికి కూర్చే వర్చువల్ రికార్డ్ ట్రెజరీ 2022లో మొదలైంది. రెండూ మంచి పనులే, కానీ కౌంటీ, ఊరు తెలియకుండా వాటితో పెద్దగా ఉపయోగం లేదు. ఆ ఊరి పేరు ఎక్కువసార్లు బయటపడేది అమెరికాలోనే, సమాధి రాయి మీదో, పౌరసత్వ కాగితంలోనో. ఇక 1700లలో ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్ నుంచి వచ్చిన ప్రెస్బిటేరియన్ వ్యాపారి అయితే చాలాసార్లు దారి అమెరికాలోనే ఆగిపోతుంది. ఆగిందని ఒప్పుకోవడం మంచిది. ఇంటిపేరు కలిసింది కదా అని ఎవరో లార్డుగారికి అతికించిన వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి.

డీఎన్ఏ పరీక్షతో ఈ టెన్షనంతా తప్పుతుందని అనుకునేవాళ్లున్నారు. ఆ పరీక్ష మీ కజిన్లను చూపించగలదు, అందులో నిజంగా ఉపయోగం ఉంది. ఫలానావాళ్లు చాక్టా అని మాత్రం చెప్పలేదు. సభ్యత్వానికి దాన్ని చాక్టా నేషన్ లెక్కలోకి తీసుకోదు. డాస్ రోల్‌లో "బై బ్లడ్" (రక్తసంబంధంతో చేరినవాళ్ల) వర్గంలో ఉన్న పూర్వీకుడి నుంచి నేరుగా దిగినట్టు చూపాలి, రక్తం ఎన్నో వంతైనా ఫర్వాలేదు. మిసిసిపిలో మిగిలిన చాక్టాల జాతి, మిసిసిపి బ్యాండ్, అయితే కనీసం సగం రక్తం అడుగుతుంది. ఐర్లండ్ ప్రభుత్వం మాత్రం రక్తం జోలికే పోదు: తాతో అవ్వో ఆ దీవిలో పుట్టి ఉంటే విదేశీ జననాల రిజిస్టర్‌లో చేరి పౌరసత్వం పొందొచ్చు. ఒకే మనిషి ఈ మూడు కొలతల ముందు ముగ్గురిలా తేలతాడు.

అన్నిటికన్నా పెద్ద తేడా మాత్రం డాస్ జాబితాల లోపలే ఉంది. ఐరిష్ తండ్రికీ చాక్టా తల్లికీ పుట్టిన బిడ్డ "బై బ్లడ్"లోకి వెళ్లింది. చాక్టా తండ్రికీ, చాక్టాల దగ్గర బానిసగా ఉన్న నల్లజాతి తల్లికీ పుట్టిన బిడ్డ సాధారణంగా "ఫ్రీడ్‌మెన్" (విడుదలైన బానిసలు, వాళ్ల సంతానం) జాబితాలోకి వెళ్లింది. ఆ కార్డు మీద రక్తం గడి లేదు, ఎవరి బానిస అన్న గడి ఉంది. మొదటి బిడ్డకు సగటు రకం నేల అయితే 320 ఎకరాలు, రెండో బిడ్డకు 40. పెళ్లి ద్వారా చేరిన తెల్ల భర్తకు కూడా 320. చాక్టా నేషన్ 1983 రాజ్యాంగం సభ్యత్వాన్ని "బై బ్లడ్"కే కట్టేయడంతో ఫ్రీడ్‌మెన్ వారసులు బయటే ఉండిపోయారు. 2021 మేలో చాక్టా నేషన్ చీఫ్ గ్యారీ బాటన్ ఒక బహిరంగ లేఖలో ఈ విషయం మీద చర్చ మొదలుపెడతామన్నాడు.

చాక్టా–ఐరిష్ వంశం వెతికేవాళ్లు ఈ రెండో జాబితాను దాదాపు తెరవరు. తెరిస్తే అదే కౌంటీలో, అదే ఇంటిపేరుతో, అదే తాతకు పుట్టిన ఇంకో సంతానం కొన్నిసార్లు అక్కడ దొరుకుతుంది.