ఫ్లెక్సీ గారికి, సాగిపోయిన గిత్త తరఫున

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి సముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా,

నిన్న సాయంత్రం నుంచి తమరు మా సెంటర్లో సరుగుడు కర్రల మీద కొలువై ఉన్నారు. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. తిరునాళ్లకి బండలాగుడు పోటీలున్న సంగతి ఒంగోలు బస్సులో కిటికీ పక్కన కునుకుతున్నవాడికి కూడా కనపడుతోంది. గిత్తల వయసు చెప్పే పళ్ల లెక్కన పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు, దేనికెంత బహుమతి, ఇచ్చే దాతలెవరు, అన్నీ పొల్లుపోకుండా మోస్తున్నారు. సంతోషం. తమరి నడిమధ్య ఒక జంతువు కూడా ఉంది. కింద 'ఒంగోలు గిత్త' అని రాయబట్టి సరిపోయింది గానీ, లేకపోతే సున్నం కొట్టిన బర్రె అనుకుని పోయేవాళ్లు జనం. ఆ జంతువు గురించే ఈ విన్నపం.

నేను టాబ్లెట్ మీద పెన్నుతో గీసి పంపినప్పుడు దానికి మూపురం ఉంది.

ఒంగోలు గిత్తని గీయడంలో కష్టమంతా తెలుపులోనే ఉంది. ఒళ్లంతా తెలుపు. తల, మెడ, మూపురం మీద మాత్రం బూడిద నలుపు కమ్ముతుంది. ముట్టె నలుపు, కళ్ల చుట్టూ కాటుక, తోక కుచ్చు నలుపు. కొమ్ములు పొట్టివి, మొద్దువి. గంగడోలు మడతలు మడతలుగా వేలాడుతుంది. ఆ మడతల నీడలకి వట్టి బూడిదరంగు వాడితే సిమెంటు బొమ్మ అవుతుంది. అందుకని నీడలో లేత నీలం, ఎండ పడే చోట లేత పసుపు పెడతారు. నీడల్ని మల్టిప్లై లేయర్ (కింది రంగుని ముదురు చేసే పొర) మీద విడిగా ఉంచుకుంటారు, తర్వాత తగ్గించుకోవడానికి. ఇదంతా అయ్యాక అసలు పరీక్ష. వీడియో ఆటలకి పాత్రలు గీసేవాళ్లు బొమ్మ మొత్తాన్ని నల్లరంగుతో నింపేసి, దూరం జరిగి చూస్తారు. ఆ నల్లటి ఆకారాన్ని బట్టే ఫలానా అని పోల్చుకోగలిగితే పాత్ర నిలబడినట్టు. ఆ పరీక్షలో ఒంగోలు గిత్తని గట్టెక్కించేది మూపురమే. ఇక్కడి పశువులే బ్రెజిల్ చేరి, మన నెల్లూరు పేరుతో 'నెలోర్' అనే జాతిగా స్థిరపడ్డాయి. 2002లో జాతీయ క్రీడలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగినప్పుడు 'వీర' అని పేరు పెట్టి మస్కట్‌గా నిలబెట్టింది ఒంగోలు గిత్తనే. ఇంత ఘనమైన మూపురాన్ని తమరు ఒక్క రాత్రిలో చదును చేశారు.

లెక్క చెప్తాను, చిత్తగించండి. బొమ్మ గీసింది 2400×3000 చుక్కల్లో (పిక్సెల్స్), అంటే 4:5. నిలువు బొమ్మ. తమరేమో 3:2, అడ్డం. నాలుగు మూలలూ అంటేదాకా లాగితే, ఎత్తుతో పోలిస్తే వెడల్పు 1.875 రెట్లు సాగుతుంది. మూపురం ఎత్తు పెరగదు, వెడల్పు మాత్రం రెండింతలకి దగ్గరవుతుంది. గుట్ట కాస్తా గట్టవుతుంది. పొట్టి కొమ్ములు పక్కలకి వాలిపోతాయి. ఆ మొహంలో గిత్త రాజసం పోయి, కుడితి తాగి పడుకున్న కళ వస్తుంది. దీన్ని ఆపడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. 8 అడుగుల ఎత్తుకి ఆ బొమ్మకి కావాల్సిన వెడల్పు 6.4 అడుగులు. ఇంకా 5.6 అడుగులు మిగులుతుంది. తేదీ, స్థలం, దాతలు, గౌరవ అధ్యక్షులు, వాళ్ల బావమరుదులు, అందరూ అందులో కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు.

బొమ్మని పెద్దది చేసేటప్పుడు షిఫ్ట్ మీట దగ్గర ఒక తిరకాసు ఉన్న మాట నిజమే. కొన్ని ఫ్లెక్సీ షాపుల్లో ఇప్పటికీ 2002 నాటి ఫోటోషాప్ 7 నడుస్తోంది. అందులో కంట్రోల్, టీ నొక్కి మూల పట్టుకుని లాగేటప్పుడు షిఫ్ట్ నొక్కి ఉంచాలి, వదిలితే బొమ్మ సాగుతుంది. 2018 చివర్లో వచ్చిన ఫోటోషాప్ సీసీ 2019 నుంచి వ్యవహారం తలకిందులైంది. ఉత్తగా లాగితే నిష్పత్తి నిలుస్తుంది, షిఫ్ట్ నొక్కితేనే సాగుతుంది. పాతదాని మీద చెయ్యి తిరిగినవాడు కొత్తదాని ముందు కూర్చున్నా, కొత్తదాని మీద నేర్చుకున్న కుర్రాడు పాతదాని ముందు కూర్చున్నా, బలయ్యేది గిత్తే. ఏ వెర్షన్ అయినా పైన పట్టీలో వెడల్పు శాతం, ఎత్తు శాతం పక్కపక్కనే కనపడతాయి. రెండూ ఒకటేనా అని ఒక్కసారి చూస్తే చాలు. కోరల్‌డ్రా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అయితే మూలనున్న నల్లచుక్క పట్టుకోవాలి, పక్కనున్నది పట్టుకుంటే సాగుతుంది. ఇంతే.

ఇది తెలియక జరుగుతోందా? షాపులో కూర్చున్నవాడికి ఇదంతా కొట్టినపిండి. వాడి వెనకాల ఫ్లెక్సీ కట్టించే పెద్దమనిషి నిలబడి ఉంటాడు. "ఆడ ఖాళీ ఉందబ్బా, నిండుగా లాగు" అంటాడు. ఆయన బాధ ఆయనది. రేటు చదరపు అడుక్కి. రంగు పడిన అడుక్కి ఎంతో, తెల్లగా వదిలేసిన అడుక్కీ అంతే. 96 అడుగులకి డబ్బు కట్టి, అందులో ఓ ముప్పై అడుగులు ఉత్తగా వదిలేయాలంటే ఏ కమిటీకి మనసొప్పుతుంది? అందుకని గిత్త ఒళ్లు లాగి ఖాళీ కప్పుతారు.

ఆ ఖాళీలోనే కదయ్యా కథంతా ఉన్నది! గిత్త ముందు నేల కనపడితేనే అది ముందుకి లాగుతున్నట్టు. వెనక దుమ్ము లేస్తేనే బండ బరువు తెలిసేది. ముట్టె తీసుకొచ్చి అంచుకి ఆనిస్తే గోడని గుద్దుకుంటున్నట్టు ఉంటుంది, పోటీలో ఉన్నట్టు కాదు. కాడి, పగ్గం, తోలేవాడి చేతిలో చర్నాకోల, కళ్లాపి చల్లిన బరి, ఇన్ని ఉన్న పందాన్ని చెప్పడానికి ఒక్క అడుగు నేల వదలరా? తమరు తమరు అని నోరు నొప్పెడుతోంది. ఇక్కణ్ణుంచి నువ్వే.

నువ్వు రాకముందు ఇదే ఊళ్లో గుడ్డ మీద, గోడ మీద బొమ్మలేసేవాళ్లు ఉండేవాళ్లు. ఫోటో మీద అంగుళం గళ్లు గీసుకునేవాళ్లు. గోడ మీద సుద్ద రాసిన దారం లాగి కొట్టి, అడుగు గళ్లు వేసేవాళ్లు. ఒక్కో గడిలో ఏముందో చూసుకుంటూ పైకెక్కించేవాళ్లు. గడి చతురస్రంగా ఉన్నంత కాలం మొహం సాగే ప్రశ్నే లేదు. ముక్కు కొంచెం అటూ ఇటూ అయ్యేదేమో గానీ గిత్త బర్రె అయ్యేది కాదు. కంప్యూటర్ కొన్న తర్వాత మాత్రం ఆ దారం కొట్టేపాటి ఓపిక లేకుండా పోయింది.

మిగతా నేరాలు చిన్నవి, గబగబా చదివేస్తా. పంపింది డాక్యుమెంట్‌గా పంపిన పూర్తి ఫైలు. షాపుకి చేరేలోపు కమిటీలో ముగ్గురు దాన్ని వాట్సాప్‌లో ఫోటోగా ఒకరికొకరు దాటించుకున్నారు. మామూలు క్వాలిటీలో అలా చేస్తే పొడుగు వైపు 1600 చుక్కలకి కుదించుకుపోతుంది. అడ్డం 1280. దాన్ని 144 అంగుళాలకి పరిస్తే అంగుళానికి 9 చుక్కలు కూడా రావు. ఒక్కో చుక్క వెడల్పు 3 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంటుంది. కాటుక కన్ను పజిల్ ముక్కల్లా అయింది ఇందుకే. అడుక్కి అంగుళం లెక్కన 12×8 అంగుళాల కాన్వాస్ పెట్టి, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) ఇస్తే 7200×4800 వస్తుంది. అసలు సైజులో అంగుళానికి 50 చుక్కలు. రోడ్డవతల నుంచి చూసేదానికి అది బ్రహ్మాండంగా చాలు. ఇక రంగులంటావా, నీ ప్రింటర్లో ఉన్నవి నాలుగు సిరాలు, వాటిలో తెలుపు లేదు. గిత్త తెలుపంటే నీ ఒంటి తెలుపే. నీడలో పెట్టిన లేత నీలం మరీ లేతగా ఉంటే మాయమవుతుంది, మెజెంటా అనే గులాబీ సిరా కొంచెం ఎక్కువైతే ఊదారంగుకి తిరుగుతుంది. నీ మీద అది వంకాయ రంగుకి తిరిగింది. గిత్తకి జబ్బు చేసిందనుకుని ఎవరైనా పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే ఆ పాపం నీదే.

పేరు సంగతి చూడు. ఫోన్లలో టైపు చేసే మామూలు యూనికోడ్ తెలుగుని పాత ఫోటోషాప్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోతాయి, 'గిత్త' కాస్తా 'గిత్ త' అవుతుంది. కొత్తవాటిలో తెలుగు లాంటి లిపుల కోసం పెట్టిన వరల్డ్ రెడీ లేఅవుట్ వాడితే సరిపోతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడితే, ఆ ఫాంటు లేని మిషన్ మీద అక్షరాలు పిచ్చి గీతలవుతాయి. కాబట్టి ఫైలు గడప దాటేముందు కర్వ్స్‌లోకి, అంటే అక్షరాల్ని గీతల బొమ్మలుగా, మార్చాలి. గౌరవ అధ్యక్షుల వెనక నిలబెట్టిన సింహం చుట్టూ బూడిద, తెలుపు గళ్లు అచ్చయ్యాయి. నేపథ్యం లేని బొమ్మనుకుని గళ్లతో సహా ఉన్న బొమ్మ నెట్‌లోంచి దించారు. ఒంగోలు గిత్త పోటీలకి సింహం ఎందుకో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. గీసినవాడి సంతకం ఉండాల్సిన మూలలో ప్రింటింగ్ షాపు ఫోన్ నంబరు ఉంది. గాలికి చిరక్కుండా అర్ధచంద్రాకారంలో కోతలు పెట్టారు, అది పద్ధతే, కాదనను. కానీ ఇంత స్థలం ఉండగా ఒక కోత సరిగ్గా గిత్త కంటి మీదే పడాలా? దాతల మొహాల మీద ఒక్క గాటు లేదు, చూశావా?

ఆ మొహాల గురించి కూడా ఒక మాట. ఫోన్లో ఆట మొదలెట్టగానే ఆటగాణ్ణి ఎంచుకునే తెర వస్తుందే, అచ్చం అలానే ఉంటావు నువ్వు. పైన పెద్ద నాయకుడు, కుడి ఎడమల స్థాయి పెరిగినవాళ్లు, కింద గుండ్రాల్లో ఇంకా తాళం తెరవనివాళ్లు. అందరికీ ఒకటే నల్ల కళ్లద్దాలు, ఒకటే నమస్కారం. ఆటలో అయితే ఎంచుకున్న తర్వాత ఆట మొదలవుతుంది. నీ మీద ఎంచుకోవడంతోనే అయిపోతుంది. పెద్ద మనిషికి పెద్ద బొమ్మ అన్నది నువ్వు కనిపెట్టిందేం కాదు, తోలుబొమ్మలాటలోనూ పెద్ద పాత్రకి పెద్ద బొమ్మే. కానీ ఆ ఆటలో నవ్వించే కేతిగాడు, బంగారక్క చిన్న బొమ్మలతో వచ్చి తెరంతా దున్నేస్తారు. చిన్నవాడికి నోరుంది అక్కడ. నీ కింది వరసలో గుండ్రంలో ఇరుక్కున్న కుర్రాడికి ఏముంది? వాడు రేపు డబ్బులు పోగేసి తన పుట్టినరోజుకి ఇంకో ఫ్లెక్సీ కట్టించుకోవాలి, అందులో పైకెక్కాలి. వాడి వెనక మళ్లీ సింహం.

ప్లాస్టిక్ ఫ్లెక్సీల్ని నిషేధిస్తామని, గుడ్డ బ్యానర్లకి మారమని 2022లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పింది. నువ్వు విన్నావో లేదో గానీ నెల్లూరు ట్రంకురోడ్డు మీద, ఒంగోలు చర్చి సెంటర్లో చూస్తే విన్నట్టు లేదు.

అయినా నిన్ను చించి పారేయమని అడగబుద్ధి కావట్లేదు, అదే నా ఖర్మ. ఆరంగుళాల తెర మీద వేలితో అర సెకనులో నెట్టేసే బొమ్మని, నీ మీద ఉంటే బస్సు ఆగినంతసేపూ చూస్తారు. నిన్న పొద్దుగూకే వేళ ఇద్దరు పెద్దోళ్లు నీ ముందు నిలబడి, ఈ గిత్త ఎవరిదయ్యా, ముట్టె బాగుంది గానీ మూపురం లేదేంది అని తగువు పడుతున్నారు. బొమ్మని అంత శ్రద్ధగా చూసేవాళ్లు ఇంకెక్కడ దొరుకుతారు? తిరునాళ్ల అయ్యాక నిన్ను దించుకుపోయి మిరప కల్లంలో పరుస్తారు, ముసురు పట్టిన రోజు వడ్ల రాశి మీద కప్పుతారు. లోపల పాలిస్టర్ నేత, పైన పీవీసీ పూత, చుక్క నీరు దిగదు. అక్కడ మాత్రం నీకు వంక పెట్టేదానికి లేదు.

వచ్చే పోటీలకి బొమ్మ కావాలని కమిటీ అప్పుడే అడిగింది, డబ్బుల మాట ఎత్తకుండా. ఈసారి 3:2లోనే గీస్తున్నా. గిత్తకి ఎడమవైపు మూడోవంతు ఖాళీ. ఆ ఖాళీలో దుమ్ము, దుమ్ములో బండ. ఎవరూ ఖాళీ అనలేనంత చిక్కగా దుమ్మేస్తా. నువ్వు 12×8 అయితే అంచులకి అచ్చంగా సరిపోతుంది, ఎవడూ మూల పట్టుకునే పనే ఉండదు. కడాకి వచ్చి, సెంటర్లో స్థలం చాల్లేదు, 10×10 చెయ్యబ్బా అన్నారో, గిత్త బదులు ఆ సింహాన్నే సాగదీసుకోండి.

ఇట్లు,
మూలన ఫోన్ నంబరు కింద ఉన్న సంతకం