పూల పేర్ల రైలులో పూలబుట్టకు చోటెక్కడ?

బెంగళూరు సబర్బన్ రైలు మార్గాలు నాలుగింటికీ పూల పేర్లు పెట్టారు. సిటీ స్టేషన్ నుంచి యలహంక మీదుగా దేవనహళ్లికి వెళ్లేది సంపిగె, బైయప్పనహళ్లి నుంచి చిక్కబాణావరకు వెళ్లేది మల్లిగె, కెంగేరి నుంచి వైట్‌ఫీల్డ్‌కు పారిజాత, హీలలిగె నుంచి రాజానుకుంటెకు కనక. మన సంపెంగ, మల్లె, పారిజాతం, కనకాంబరాలే. పేర్లు పెట్టినవారు ఆలోచించి పెట్టారో లేదో గానీ, మల్లె, కనకాంబరం ఇప్పటికే తెల్లవారుజామున రైలెక్కి ఈ నగరానికి వస్తున్నాయి. హిందూపురం వైపు నుంచి వచ్చే ప్యాసింజరు యలహంకలో ఆగినప్పుడు చూడాలి. తడి గోనెపట్టా కప్పిన బుట్టను ముందు ప్లాట్‌ఫారం మీదికి జరిపి, తర్వాత తాను దిగుతుంది పూలామె. రెండో బుట్టను లోపలున్న కుర్రవాడెవరో అందిస్తాడు. కాసేపటికి స్టేషన్ బయట కూర్చుని ఆమె మూరల లెక్కన దండ కొలుస్తూ ఉంటుంది. కొనేవారితో బేరం కన్నడంలో, పక్కన కూర్చున్న తోటి ఆమెతో కబుర్లు తెలుగులో.

రేపు సబర్బన్ రైలు వస్తే ఈమె అందులో ఎక్కగలదా అన్నది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ ఆ రైలును ఎవరి కోసం కడుతున్నారన్న పెద్ద ప్రశ్న అందులోనే ఉంది.

బెంగళూరుకు లోకల్ రైలు కావాలన్న మాట 1983 నాటిది. కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది 2020 అక్టోబరులో, ప్రధాని శంకుస్థాపన చేసింది 2022 జూన్ 20న. మొత్తం 148.17 కిలోమీటర్లకు అంచనా వ్యయం 15,767 కోట్ల రూపాయలు. అందులో కేంద్రం, రాష్ట్రం చెరో 20 శాతం పెట్టుకుంటే, మిగిలిన 60 శాతం అప్పు. 40 నెలల్లో పూర్తవుతుందని ఆనాడు చెప్పారు. ఆ గడువు 2025 అక్టోబరుతో తీరిపోయింది, ఒక్క మార్గంలోనూ రైలు తిరగలేదు. మల్లిగె, కనక మార్గాల పనులు చేపట్టిన ప్రధాన కాంట్రాక్టు సంస్థ భూమి సమయానికి అప్పగించలేదన్న కారణంతో 2025లో తప్పుకుంది. ఆలస్యం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఆలస్యమైతే అయింది, వచ్చే రైలు ఎలాంటిది అన్న సంగతి మాత్రం తగినంత చర్చకు రాలేదు.

వచ్చేది ఏసీ పెట్టెల రైలు. దానికి విడిగా పట్టాలు, కొన్నిచోట్ల ఎత్తు మీద స్టేషన్లు, టికెట్టు చూపితే తెరుచుకునే గేట్లు. కిలోమీటరుకు 106 కోట్ల పైచిలుకు ఖర్చు. ఒక్క మాటలో చెప్పాలంటే రైలు పట్టాల పక్కన ఇంకో మెట్రో. మెట్రో చెడ్డదని కాదు. మెట్రో ఎక్కే మనిషి చేతిలో ల్యాప్‌టాప్ సంచి తప్ప ఇంకేమీ ఉండదన్న ఊహ మీద దాని నియమాలన్నీ నిలబడ్డాయి. బెంగళూరు మెట్రోలో ఉచితంగా తీసుకెళ్లగలిగిన సామాను 15 కిలోలు. పూలబుట్ట, కూరగాయల మూట, తాపీమేస్త్రీ పనిముట్ల సంచి, పెళ్లి వంటకు వెళ్లేవారి గుండిగలు ఆ లెక్కలో ఇమడవు. ముంబై లోకల్ రైళ్లలో మూటలవాళ్ల కోసం ప్రత్యేకంగా లగేజీ పెట్టె ఉంటుంది. అది దయతో ఇచ్చింది కాదు, అది లేకపోతే ఆ నగరానికి కూరగాయలు, చేపలు చేరే తీరే వేరుగా ఉండేది. సబర్బన్ మార్గం వెంట ఉన్న బతుకులు ప్యాసింజరు రైలువి, కట్టేది మాత్రం మెట్రో అయితే, ఆ రెండింటి మధ్య జారిపోయేది ఎవరో చెప్పనక్కర్లేదు.

నాలుగింటిలోనూ పొడవైన కనక మార్గాన్నే తీసుకుందాం. 46.24 కిలోమీటర్ల ఈ దారి నగరపు తూర్పు అంచును ఒరుసుకుంటూ పోతుంది. 2011 జనగణన ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో సుమారుగా ప్రతి ఏడుగురిలో ఒకరి మాతృభాష తెలుగు. ఆ ఏడో మనిషి అన్ని పొరల్లోనూ కనిపించే చోటు ఇదే. బెల్లందూరు, వర్తూరు వంటి పాత గ్రామాల్లో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే రెడ్ల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఒకప్పుడు రాగులు, కూరగాయలు పండించిన ఆ పొలాల్లోనే టెక్ పార్కులు లేచాయి, మిగిలిన జాగాలో అద్దె ఇళ్లు, పీజీలు (పేయింగ్ గెస్టు హాస్టళ్లు) లేచాయి. ఆ భవనాలను లీజుకు తీసుకుని పీజీ నడిపేవారిలో సీమ, నెల్లూరు జిల్లాలవాళ్లు చాలామంది. అందులో ఉండేది మన ఊళ్ల నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు, వండేది మన ఊళ్ల నుంచి వచ్చిన వంటమనుషులు. వెనక సందులో రేకుల షెడ్లలో ఉండే భవన కార్మికులూ అటువైపు వారే. భూమి యజమాని నుంచి షెడ్డులోని కూలీ దాకా ఒకే భాష, కానీ రైలు వస్తుందన్న వార్త నలుగురికీ నాలుగు రకాలుగా వినిపిస్తుంది.

యజమానికి అది అద్దె పెరిగే వార్త. పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగే అలవాటున్న నగరంలో అద్దె వెయ్యి పెరిగితే, ఇల్లు మారేవాడు అదనంగా పదివేలు ఒక్కసారిగా కట్టాలి. రైలు ఇంకా రాకముందే స్టేషన్ వస్తుందన్న మాట మీద బి ఖాతా సైట్ల, అంటే పూర్తి అనుమతులు లేని ఇళ్ల స్థలాల ధర కూడా కదులుతుంది. స్టేషన్ దగ్గరుంటే ఎక్కువ మేలు పొందేవాడు బండి లేనివాడు. స్టేషన్ దగ్గర ఉండే స్తోమత మొదట పోగొట్టుకునేవాడూ వాడే. షెడ్లు ఒక్కో వానాకాలానికి ఇంకొంచెం దూరం జరుగుతూ ఉంటాయి.

దూరం జరిగినవాడు మళ్లీ స్టేషన్‌కు చేరేదెలా? బెల్లందూరు రోడ్ స్టేషన్‌కు పక్కనే పనత్తూరు రైల్వే అండర్‌పాస్ ఉంది. ఉదయం తొమ్మిదింటికి అక్కడ నిలబడితే చాలు, నగర రవాణా మీద నివేదికలు చదవనక్కర్లేదు. నీళ్ల ట్యాంకరు వెనక స్కూలు బస్సు, దాని వెనక వరసగా బైకులు. గోడకు ఒరుసుకుని నడిచే మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని బురద దాటుతాడు. పట్టాల కోసం ఇన్ని వేల కోట్లు పెడుతూ, ఆ పట్టాల దాకా నడిచే అరకిలోమీటరును పాలికె (నగరపాలక సంస్థ) పనిగా, అంటే ఎవరి పనీ కాదన్నట్టుగా వదిలేస్తే, ఆ మనిషి షేర్ ఆటోనే ఎక్కుతాడు. కూలి అడ్డా మీద పొద్దున ఆలస్యంగా నిలబడినవాడికి ఆ రోజు పని ఉండదు. అతనికి కావలసింది ఏసీ కాదు, ఐదున్నరకు కచ్చితంగా వచ్చే బండి.

ఛార్జీ సంగతి ఇంకా చిక్కు. 2025 ఫిబ్రవరి 9న మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుంచి 90 రూపాయలకు పెరిగింది. అరవై శాతం అప్పుతో కట్టే సబర్బన్ మీదా అలాంటి ఒత్తిడే ఉంటుంది. మరోవైపు 2023 జూన్ 11 నుంచి కర్ణాటక మహిళలకు శక్తి పథకం కింద సాధారణ బస్సుల్లో ప్రయాణం ఉచితం. సబర్బన్ ప్రణాళికకు మంత్రివర్గం ఆమోదం వచ్చింది అంతకు దాదాపు మూడేళ్ల ముందు. బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో పనిచేసే మహిళ ఒక్క రూపాయి లేకుండా బస్సులో వెళ్లగలిగినప్పుడు, రైలు ఆమెకు కనీసం గంట మిగల్చకపోతే ఎందుకు ఎక్కుతుంది? ఈ లెక్కలో ఆంధ్ర నుంచి వచ్చిన ఆడమనిషి పరిస్థితి విచిత్రం. ఆధార్‌లో హిందూపురం చిరునామా ఉన్నందుకు ఇక్కడ శక్తి వర్తించదు. 2025 ఆగస్టు 15న మొదలైన ఆంధ్ర ‘స్త్రీ శక్తి’ ఆ రాష్ట్రం లోపలి ప్రయాణానికే గానీ అంతర్రాష్ట్ర బస్సులకు వర్తించదు. రెండు ఉచితాల మధ్య టికెట్టు కొనుక్కునేది ఆమె. ఆమెకు చౌక రైలు అవసరం అందరికంటే ఎక్కువ.

అసలు ఆమె ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే, మార్గం ఎక్కడ ఆగిపోతుందన్నది బోధపడుతుంది. కనక హీలలిగె, రాజానుకుంటెల దగ్గర, పారిజాత వైట్‌ఫీల్డ్ దగ్గర ఆగుతాయి. రోజూ పనికి వచ్చేవారి ఊళ్లు వాటికి అవతల ఉన్నాయి. 2001లో కోలారు బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్ పట్టణం బతుకుతెరువును మారికుప్పం రైలు బెంగళూరుకు మోసుకొస్తోంది. కుప్పం నుంచి, మాలూరు, బంగారుపేటల నుంచి, ఇటు హిందూపురం, గౌరిబిదనూరుల నుంచి వచ్చేవారిదీ అదే కథ. 150 కిలోమీటర్ల దాకా రైల్వే ఇచ్చే నెల పాసే వారి జీవనాధారం. బంగారుపేట, గౌరిబిదనూరు, హోసూరు, కోలారుల దాకా సబర్బన్‌ను పొడిగించాలని 452 కిలోమీటర్ల రెండో దశ ప్రతిపాదన వచ్చింది గానీ ముందుకు సాగలేదు.

కర్ణాటక డబ్బుతో కట్టే రైలు కుప్పం, హిందూపురం గురించి ఎందుకు ఆలోచించాలని ఎవరైనా అడగవచ్చు. అడగడంలో తప్పు లేదు. కానీ ఆ బండ్లలోనే కేజీఎఫ్, మాలూరు, గౌరిబిదనూరు జనమూ వస్తారు, వాళ్లు కర్ణాటకవాళ్లే. సరిహద్దు స్టేషన్ బోర్డు మీద ఉంటుంది, పెట్టెలో ఉండదు. పట్టాలు ఇప్పటికిప్పుడు పొడిగించకపోయినా చేయగలిగింది ఒకటుంది. యలహంక, వైట్‌ఫీల్డ్ వంటి చోట్ల ప్యాసింజరు దిగినవారు అదే నెల పాసుతో సబర్బన్ ఎక్కే ఏర్పాటు చేయవచ్చు. రైల్వే ఒక సంస్థ, సబర్బన్ కట్టే కె-రైడ్ ఇంకో సంస్థ కాబట్టి రెండు టికెట్లు అనడం కుదరదు. ఎందుకంటే కె-రైడ్‌లో రైల్వే శాఖ కూడా భాగస్వామే.

ఇక పూలబుట్ట. రైలుకు ఒక పెట్టెలో సగం సీట్లు తీసేసి, వెడల్పు తలుపు పెట్టి, స్టేషన్‌లో ఒక్క గేటును బుట్ట పట్టేంత చేస్తే సరిపోతుంది. పెట్టెలు పట్టాలెక్కకముందైతే అది కాగితం మీద గీత మార్చినంత పని. ఈలోగా యలహంకలో ఆ ప్యాసింజరు ఆగుతూనే ఉంది. ముందు బుట్ట దిగుతుంది, తర్వాత ఆమె.